ఆర్ట్ ఫెయిర్‌లో బొమ్మ రేటు అడగడం ఎలా?

నాంపల్లి నుమాయిష్‌కు వెళ్తే మనకు మొహమాటం ఉండదు. దుప్పటి విప్పి చూపించకముందే "ఎంతకిస్తావు?" అంటాం. ఆయన ఎనిమిది వందలంటే మనం మూడొందల దగ్గర మొదలుపెడతాం. అదే మనల్ని ఢిల్లీ ఆర్ట్ ఫెయిర్‌లో ఒక పెద్ద కాన్వాస్ ముందు నిలబెడితే గొంతు పెగలదు. తెల్లటి గోడలు, ఎక్కడా రాసి లేని ధరలు, మెల్లగా మాట్లాడుకునే మనుషులు. అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు రోజంతా తిరిగి ఒక్క ధర కూడా అడగకుండా బయటికొచ్చాను. ఆ రోజు చూసిన బొమ్మల్లో ఇప్పుడు నాకు గుర్తున్నవి రెండో మూడో. తర్వాతి ఏడాది ధైర్యం చేసి అడగడం మొదలుపెట్టాను. అడిగిన ప్రతి బొమ్మా ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఎందుకంటే రేటు అడిగాక మాట అక్కడితో ఆగదు. ఇంత ఎందుకు, ఎవరు చేశారు, ఎన్నాళ్లు పట్టింది, ఈ డబ్బు ఎవరికి వెళ్తుంది అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ జవాబులు విన్నాక మళ్లీ గోడ వైపు తిరిగితే బొమ్మ ఇందాకటిలా కనిపించదు.

కొనే ఉద్దేశం లేకపోయినా ఫెయిర్‌కు వెళ్లి డబ్బు గురించి నిస్సంకోచంగా మాట్లాడటం ఎలాగో, ఆ డబ్బునే తమ వస్తువుగా చేసుకున్న కళాకారుల పనిని ఎలా చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లే ముందు చేయాల్సినవి

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. 2012లో కేరళలో మొదలైన కొచ్చి–ముజిరిస్ బినాలే (రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన) లాంటి చోట కళను చూపిస్తారు, స్టాల్ పెట్టి అమ్మరు. ఆర్ట్ ఫెయిర్ మాత్రం సంత. ప్రతి గోడకూ అద్దె ఉంటుంది. గ్యాలరీల వాళ్లు చోటు అద్దెకు తీసుకుని, బొమ్మలను లారీల్లోనో విమానాల్లోనో తెచ్చి, నాలుగు రోజుల్లో ఆ ఖర్చు రాబట్టుకోవాలి. ఒక బూత్‌లో ఏ బొమ్మ కనిపిస్తుందో, ఏది కనిపించదో ఈ అద్దె కూడా నిర్ణయిస్తుంది. గంటన్నర నిడివి వీడియో కంటే నాలుగు అడుగుల కాన్వాస్ అమ్మడం తేలిక. అందుకే ఫెయిర్ నిండా కాన్వాసులే ఎక్కువ.

ఇలాంటి సంతలు మరీ పాతవేమీ కావు. 1967లో జర్మనీలోని కొలోన్‌లో గ్యాలరీల వాళ్లు కలిసి ఒకటి పెట్టారు. 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదలైనది ఇప్పుడు మయామీ, హాంకాంగ్, పారిస్ దాకా పాకింది. మన దేశంలో 2008లో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఇండియా ఆర్ట్ సమిట్ పేరుతో, 34 గ్యాలరీలతో మొదలైనదే ఇవాళ్టి ఇండియా ఆర్ట్ ఫెయిర్. సాధారణంగా ఫిబ్రవరి మొదటి వారంలో ఓఖ్లాలోని ఎన్ఎస్ఐసీ మైదానంలో జరుగుతుంది. మెట్రోలో మెజెంటా లైన్ ఎక్కి ఓఖ్లా ఎన్ఎస్ఐసీ స్టేషన్‌లో దిగితే దగ్గర.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. మొదటి రోజు ఆహ్వానం ఉన్న కలెక్టర్లకు, అంటే బొమ్మలు కొని సేకరించేవాళ్లకు. మీరు లోపలికి అడుగుపెట్టేసరికే కొన్ని బొమ్మలు అమ్ముడుపోయి ఉంటాయి, దానికి బాధపడకండి. మాట్లాడాలనుకుంటే జనానికి తెరిచిన మొదటి రోజు, తలుపులు తీసిన గంటలోపు వెళ్లండి. శని, ఆదివారాల్లో సెల్ఫీల రద్దీ మధ్య ఎవరూ ఎవరితోనూ రెండు నిమిషాలు కూడా మాట్లాడలేరు.

ఇంటి దగ్గర కూర్చునే ఫెయిర్ వెబ్‌సైట్‌లో గ్యాలరీల జాబితా చూసి పది పేర్లు ఎంచుకోండి. పది చాలు. వందకు పైగా బూత్‌లు ఉండే చోట అన్నీ చూడాలనుకుంటే మధ్యాహ్నానికి కళ్లు మొద్దుబారతాయి. ఒక చిన్న నోటుబుక్ తీసుకుని పేజీకి నాలుగు గళ్లు గీయండి: ఆర్టిస్టు పేరు, నా అంచనా, వాళ్లు చెప్పిన ధర, కారణం. ఈ నాలుగు గళ్లే మీకు గైడ్. మెత్తటి చెప్పులు, నీళ్ల సీసా సంగతి మీకు తెలిసిందే.

ఢిల్లీ వెళ్లే వీలు లేనివాళ్లు హైదరాబాద్‌లోనే ఈ అభ్యాసం చేయొచ్చు. కళాకృతి, సృష్టి, ధి ఆర్ట్‌స్పేస్ లాంటి గ్యాలరీల్లోకి ఎవరైనా వెళ్లొచ్చు, సాధారణంగా టికెట్ ఉండదు. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. నా అభిప్రాయంలో ఫెయిర్‌కు ముందు ఇలా ఒక శనివారం సాయంత్రం రెండు గ్యాలరీలు తిరగడం చాలా మంచిది. బెరుకు సగం అక్కడే పోతుంది.

మొదటి గంట: అడగొద్దు, అంచనా వేయండి

లోపలికి వెళ్లాక మొదటి గంట ఎవరినీ ఏమీ అడగకండి. మీరు ఎంచుకున్న బూత్‌లు చుట్టి రండి. ఏ బొమ్మ ముందు కాళ్లు వాటంతటవే ఆగాయో, దాని పక్కన గోడకున్న చిన్న చీటీ చదవండి. అందులో పేరు, సంవత్సరం, దేనితో చేశారో, సైజు ఉంటాయి. ధర ఉండదు. ఇప్పుడు నోటుబుక్ తీసి మీ అంచనా రాయండి. ఇరవై వేలా, రెండు లక్షలా, ఇరవై లక్షలా? తప్పయినా పర్వాలేదు, కానీ తప్పనిసరిగా రాయండి. రాయకపోతే అసలు ధర విన్నాక "నేనూ అంతే అనుకున్నా" అని మనసు మనల్నే మోసం చేస్తుంది.

ఇలా ఎనిమిదో పదో బొమ్మలకు రాసేసరికి మీ అంచనాల్లోనే ఒక వరస బయటపడుతుంది. పెద్దదానికి ఎక్కువ రాస్తున్నారు. నూనె రంగులకు ఎక్కువ, కాగితానికి తక్కువ. మెరిసేదానికి ఎక్కువ, గుడ్డ మీద కుట్టినదానికి తక్కువ. చేతిపని మన ఇళ్లలో అమ్మమ్మలు చేసేది కాబట్టి దానికి విలువ తక్కువ అనుకుంటున్నామేమో. నా పాత నోటుబుక్ తిరగేస్తే నేను ప్రతిసారీ కుట్టుపనికి తక్కువ ధర రాసినట్టు కనిపించింది. అది నాకు చాలా బాధ కలిగించిన సంగతి.

రెండో గంట: నోరు తెరవడం

బూత్‌లో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామంది కుర్రాళ్లు, ఆర్ట్ చదువుకున్నవాళ్లు. ఎవరూ మాట్లాడకపోతే వాళ్లకే విసుగు. హైదరాబాద్ గ్యాలరీ బూత్ అయితే తెలుగులోనే అడగండి: "నమస్తే అండీ, ఈ బొమ్మ ధర ఎంతో చెప్తారా?" మిగతా చోట్ల హిందీయో, వచ్చిన ఇంగ్లీషో. కొనేవాడిలా నటించక్కర్లేదు. "నేను కొనడానికి రాలేదు, తెలుసుకుందామని అడుగుతున్నా" అని ముందే చెప్పేయండి. అలా చెప్పినప్పుడే నాకు ఎక్కువ వివరాలు దొరికాయి.

ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైందని అర్థం. 'హోల్డ్' అంటే ఎవరో ఆలోచించుకుని చెప్తామన్నారు. కొన్ని పెద్ద గ్యాలరీలు ధర చెప్పడానికి వెనకాడతాయి. అప్పుడు "సుమారుగా ఏ మధ్యలో ఉంటుంది?" అని అడిగితే చాలా చోట్ల చెప్తారు. అప్పటికీ చెప్పకపోతే నమస్కారం పెట్టి పక్క బూత్‌కు వెళ్లండి. అది మీ తప్పు కాదు.

ధర విన్నాక అసలు ప్రశ్నలు మొదలుపెట్టండి. పన్నుతో కలిపా, విడిగానా? ఇది నేరుగా ఆర్టిస్టు దగ్గర్నుంచి వచ్చిందా, లేక ఇంతకుముందు కొన్నవాళ్లు తిరిగి అమ్ముతున్నారా? ఇదే ఆర్టిస్టు ఇదే సైజు బొమ్మ మూడేళ్ల కిందట ఎంత ఉండేది? దీన్ని చేయడానికి ఎన్ని రోజులు పట్టింది, సహాయకులు ఎవరైనా ఉన్నారా? చివరి ప్రశ్న చాలామంది అడగరు. మీరు అడగండి.

ధర ఎలా చీలుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. లక్ష రూపాయల బొమ్మ అనుకోండి. నేరుగా ఆర్టిస్టు నుంచి వచ్చిన బొమ్మ అయితే గ్యాలరీకి సగం, ఆర్టిస్టుకు సగం అనేది ఈ రంగంలో మామూలు పద్ధతి. జీఎస్టీ ఆ లక్ష మీద అదనం. 2025 సెప్టెంబర్ 22 దాకా 12 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 5 శాతం. కాబట్టి మీరు ఇచ్చేది 1,05,000. ఆర్టిస్టు చేతికొచ్చిన యాభై వేలల్లోంచి కాన్వాసు, రంగులు, ఫ్రేము, స్టూడియో అద్దె పోవాలి. బొమ్మ పూర్తయిన రోజు నుంచి అమ్ముడైన రోజు వరకు ఇంటి ఖర్చూ పోవాలి. గ్యాలరీ యాభై వేలల్లోంచి ఫెయిర్ చోటు అద్దె, రవాణా, బీమా, ఆ బల్ల దగ్గర కుర్చీలో ఉన్న అమ్మాయి జీతం. ఇది విన్నాక "గ్యాలరీ వాళ్లు సగం తినేస్తారట" అనే మాట అంత సులువుగా రాదు. అలాగని సగం ఎప్పుడూ న్యాయమే అనీ నేననను. కొత్త ఆర్టిస్టును పదేళ్లు నమ్ముకుని నిలబెట్టిన గ్యాలరీకి ఆ సగం దక్కాలి. బొమ్మ తెచ్చి నాలుగు రోజులు గోడకు తగిలించి ఊరుకున్నవాళ్ల విషయంలో నాకు సందేహమే.

ఇంకో మాట. నుమాయిష్ బేరం ఇక్కడ చేయకండి. గ్యాలరీలు ఒక ఆర్టిస్టు ధరలను సైజు లెక్కన ఒక పట్టిక ప్రకారం ఉంచుతాయి. ఒకరికి బాగా తగ్గించి ఇస్తే ఇంతకుముందు కొన్నవాళ్ల బొమ్మల విలువా, ఆర్టిస్టు పేరూ దెబ్బతింటాయి. కొనడం ఖాయమైతే "ఏమైనా తగ్గించగలరా?" అని ఒకసారి అడగొచ్చు, కొద్దిగా తగ్గిస్తారు. వాయిదాల్లో కట్టొచ్చా అని అడగడం ఇంకా మేలు. కొందరు ఒప్పుకుంటారు.

తిరిగి అమ్మినప్పుడు ఎవరికి ఎంత?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. నన్ను ఈ విషయంలోకి లాగింది ఇదే.

2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ 'గ్రామ్ యాత్ర' దాదాపు 118 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. పల్లె జీవితాన్ని 13 గళ్లలో చూపించిన, దాదాపు 14 అడుగుల పొడవున్న బొమ్మ. ఢిల్లీకి పనిమీద వచ్చిన ఒక నార్వే డాక్టరు 1954లో దాన్ని 1,400 రూపాయలకు కొన్నారు. తర్వాత ఓస్లోలోని యూనివర్సిటీ ఆసుపత్రికి ఇచ్చేశారు. దశాబ్దాల పాటు అది ఆసుపత్రి లోపలి గోడ మీద, బయటివాళ్ల కంట పడకుండా ఉండిపోయింది. వేలంలో వచ్చిన డబ్బు డాక్టర్ల శిక్షణ కోసం ఆ ఆసుపత్రికి చేరింది. అది మంచి పనే. హుస్సేన్ 2011లోనే కన్నుమూశారు. ఆయన చేతికి ఈ బొమ్మ మీద అందింది 1954 నాటి ధరే.

కళాకారులు ఈ విషయం మీద చాలాకాలంగా గొడవపడుతున్నారు. 1973 అక్టోబరులో న్యూయార్క్‌లో రాబర్ట్ స్కల్ అనే కలెక్టర్ తన సేకరణను వేలం వేశాడు. అందులో 900 డాలర్లకు కొన్న రాబర్ట్ రౌషెన్‌బర్గ్ బొమ్మ ఒకటి 85,000 డాలర్లకు పోయింది. వేలం అయిపోయాక రౌషెన్‌బర్గ్ అక్కడే అందరి ముందూ అతన్ని నిలదీశాడు. దానికి రెండేళ్ల ముందే, 1971లో, సేత్ సీగెలాబ్ అనే గ్యాలరీ మనిషి ఒక లాయరుతో కలిసి కళాకారుల కోసం ఒక ఒప్పంద పత్రం తయారుచేశాడు. బొమ్మ తిరిగి అమ్మిన ప్రతిసారీ పెరిగిన ధరలో 15 శాతం ఆర్టిస్టుకు రావాలని అందులో ఉంది. చాలామంది కలెక్టర్లకు ఆ పత్రం నచ్చలేదు, ఎక్కువమంది ఆర్టిస్టులు పట్టుబట్టే ధైర్యం చేయలేదు. హాన్స్ హాకే లాంటి కొద్దిమంది మాత్రం ఆ పత్రం మీద సంతకం పెడితేనే తమ పని అమ్మారు.

మన దేశంలో దీనికి చట్టమే ఉంది. కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ ప్రకారం పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్‌ల అసలు ప్రతిని 10,000 రూపాయలకు పైగా ధరకు తిరిగి అమ్మితే, కాపీరైట్ గడువు ఉన్నంతకాలం ఆర్టిస్టుకో వారసులకో అందులో వాటా అడిగే హక్కుంది. ఆ వాటా 10 శాతం దాటకూడదు. చాలామంది ఆర్టిస్టులకే ఈ సంగతి తెలియదు. అందుకే తిరిగి అమ్ముతున్న బొమ్మ అని చెప్పినప్పుడు బూత్‌లో నేను ఈ ప్రశ్న వేస్తాను: "ఇందులో ఆర్టిస్టు కుటుంబానికి ఏమైనా వెళ్తుందా అండీ?" మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడలేదు. ఒకటి రెండు చోట్ల మాత్రం నిజంగా ఆలోచనలో పడ్డారు. మీరూ అడగండి. పదిమంది అడిగితే పదకొండోసారికి జవాబు సిద్ధం చేసుకుంటారు.

డబ్బే బొమ్మ అయినప్పుడు ఎలా చూడాలి

కొందరు కళాకారులు డబ్బును చాటున ఉంచకుండా దాన్నే ముందు పెట్టారు. అలాంటి పని ఎదురైనప్పుడు "ఇది కూడా కళేనా?" అని కోపం తెచ్చుకునే ముందు, డబ్బు ఎక్కడుందో వెతకండి. వస్తువులో ఉందా, అది చేతులు మారే తీరులో ఉందా, లేక ఒక కాగితంలో ఉందా?

చేతులు మారే తీరులో ఉన్నదానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ బ్రెజిల్ కళాకారుడు సిల్దో మెయ్‌రెలెస్. అక్కడ సైనిక పాలన నడుస్తున్న రోజులు. పత్రికల మీద నిఘా. ఆయన 1970లో, తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లే కోకాకోలా గాజు సీసాల మీద తెల్లటి అక్షరాలతో సందేశాలు అచ్చువేసి మళ్లీ అంగట్లోకి వదిలాడు. ఖాళీ సీసా మీద ఆ అక్షరాలు సరిగా కనిపించవు. నల్లటి డ్రింకు నిండగానే పైకి తేలతాయి. 1975లో వ్లాదిమిర్ హెర్జోగ్ అనే జర్నలిస్టు నిర్బంధంలో చనిపోతే, ప్రభుత్వం ఆత్మహత్య అంది. మెయ్‌రెలెస్ కరెన్సీ నోట్ల మీద "హెర్జోగ్‌ను చంపింది ఎవరు?" అని రబ్బరు స్టాంపు కొట్టి ఖర్చుపెట్టేశాడు. ఆలోచించండి. కరపత్రమైతే పోలీసును చూడగానే పారేస్తాం. నోటును ఎవరు పారేస్తారు? కూరగాయల అంగడికి, బస్సు కండక్టరుకు, బ్యాంకుకు ఆ ప్రశ్న తానే నడుచుకుంటూ పోయింది. ఆ రోజుల్లోనే ఆయన సున్నా విలువ గల నోట్లు కూడా అచ్చువేశాడు. మహానాయకుల బొమ్మలుండే చోట ఒక ఆదివాసీని, ఒక మానసిక చికిత్సాలయంలోని మనిషిని ఉంచాడు. దేశం లెక్కలోకి తీసుకోని మనుషులు, లెక్కకు రాని నోటు మీద.

అమెరికాలో జె.ఎస్.జి. బాగ్స్ నోట్లను చేత్తో గీసి, వాటిని హోటల్లోనో దుకాణంలోనో అదే విలువకు తీసుకోమని అడిగేవాడు. ఒప్పుకుంటే చిల్లరా రసీదూ తీసుకునేవాడు. ఆ గీసిన నోటును కలెక్టరుకు తాను అమ్మేవాడు కాదు. రసీదూ చిల్లరా అమ్మేవాడు. నోటు ఎవరి దగ్గరుందో కలెక్టరే వెతుక్కోవాలి. ఇంగ్లండులో 1986లో అరెస్టు చేసి కోర్టుకు ఈడ్చారు, నిర్దోషిగా బయటపడ్డాడు. బాగ్స్ నోటును చూసేటప్పుడు గీత ఎంత చక్కగా ఉందన్నది కాసేపు పక్కనపెట్టి, దుకాణదారుడు దాన్ని ఎందుకు నమ్మాడో ఆలోచించండి.

కాగితంలో డబ్బు ఉండటమంటే మౌరిజియో కటెలాన్ అరటిపండు. 2019లో మయామీ బీచ్ ఫెయిర్‌లో ఒక గ్యాలరీ గోడకు టేపుతో అరటిపండు అంటించి 1,20,000 డాలర్ల ధర పెట్టింది. కొన్నవాళ్లకు దక్కేది పండు కాదు. ధ్రువపత్రం, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. పండు కుళ్లితే ఇంకోటి తెచ్చుకోవాలి. 2024 నవంబరులో సోత్‌బీస్ వేలంలో ఒక ప్రతి 62 లక్షల డాలర్లకు పోయింది. అప్పుడు గోడకు అంటించిన పండును ఆ వీధిలోని బండి దగ్గర 35 సెంట్లకు కొన్నారు. ఆ బండి దగ్గర అమ్ముతున్న పెద్దాయన యజమాని కూడా కాదు, కూలికి నిలబడ్డ మనిషి. అందరూ అరటిపండు గురించి నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ మొత్తం పనిలో చూడదగ్గది ఆ బండీ, ఆ మనిషీ. కటెలాన్ దాన్ని ఉద్దేశించాడో లేదో గానీ, ధర ఆ మనిషిని మన కళ్ల ముందుకు తెచ్చింది.

డెన్మార్క్ సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ ఆల్బోర్గ్ నగరంలో ఒక మ్యూజియం 2021లో పని, సంపాదన మీద ప్రదర్శన పెట్టింది. సగటు వార్షిక ఆదాయాన్ని అసలు నోట్లతో చూపించడానికి యెన్స్ హానింగ్‌కు 5,34,000 క్రోనర్లు అప్పిచ్చింది. ఆయన రెండు ఖాళీ ఫ్రేములు పంపి, 'డబ్బు తీసుకుని ఉడాయించు' అని పేరు పెట్టాడు. తనకిచ్చే ప్రతిఫలం తక్కువన్నది ఆయన వాదన. 2023లో కోర్టు అందులో ఎక్కువ భాగం తిరిగి కట్టమంది. కోర్టు చెప్పింది సరైనదే అని నా నమ్మకం. కానీ ప్రదర్శనలు పెట్టే మ్యూజియంలు ఆర్టిస్టుకు ఇచ్చే కూలీ మాట మాత్రం నిజంగా అడగాల్సిందే.

మన దగ్గరి పనిని చూసేటప్పుడు

విదేశీ ఉదాహరణలు చదివి ఫెయిర్‌కు వెళ్తే అలాంటి చమక్కుల కోసమే కళ్లు వెతుకుతాయి. మన కళాకారుల్లో చాలామంది డబ్బును నోటు రూపంలో కాకుండా శ్రమ రూపంలో చూపిస్తారు. చంద్రపూర్ బొగ్గుగనుల కుటుంబం నుంచి వచ్చిన ప్రభాకర్ పాచ్‌పుతే బొగ్గుతోనే గని కార్మికుల్ని గీస్తాడు. బీరేందర్ యాదవ్ ఇటుక బట్టీల కూలీల మీద పనిచేశాడు. అతుల్ దోడియా దుకాణాల ఇనుప షట్టర్ల మీద బొమ్మలు వేశాడు. షట్టర్ పైకెత్తితే వెనక ఇంకో బొమ్మ ఉంటుంది. శిల్పా గుప్తా 'థ్రెట్'లో సబ్బులతో గోడ కట్టి, చూడవచ్చినవాళ్లను ఒక్కో సబ్బు ఇంటికి తీసుకెళ్లమంది. ఇలాంటి పని ముందు నిలబడినప్పుడు అడగాల్సింది ఒకటే: ఈ పదార్థం ఎక్కడిది, దాన్ని తవ్వింది, కాల్చింది, మోసింది ఎవరు?

ఫెయిర్‌లో సంప్రదాయ కళల బూత్ ఉంటే తప్పకుండా వెళ్లండి. మన చేర్యాల పటం కనిపిస్తే ఇంకాసేపు నిలబడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి ఎర్రటి నేల మీద వేసే ఈ పటాలను నకాషీ కుటుంబాలు కథలు చెప్పేవాళ్ల కోసం వేసేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్లు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, దానికో పటం. ఊళ్లో రాత్రంతా చుట్ట విప్పుతూ చెప్పాలి కాబట్టి పటం పదుల అడుగుల పొడవుండేది. సినిమా, టీవీ వచ్చి కథ చెప్పించుకునేవాళ్లు తగ్గాక, పటం డ్రాయింగ్ రూములో ఫ్రేముకు సరిపడేంతకు కుంచించుకుపోయింది. కొనేవాళ్లు మారారు, బొమ్మ కొలతా మారింది. కళకూ ఆర్థికానికీ ఉన్న సంబంధం గురించి నాకు ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక్కడ నోటుబుక్‌లో ఒక పని చేయండి. పటం వేయడానికి ఎన్ని రోజులు పట్టిందో అడిగి, ధరను ఆ రోజులతో భాగించండి. పక్క బూత్‌లో ఒక కొత్త ఆర్టిస్టు కాన్వాసుకూ అలాగే చేయండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆ తేడా దేనికో గ్యాలరీ వాళ్లనే అడగండి. నాకు వచ్చిన జవాబుల్లో ఏదీ ఇప్పటిదాకా తృప్తి కలిగించలేదు.

కొనాలనిపిస్తే

మొదటి కొనుగోలుకు ప్రింట్ మంచిది. ప్రింట్ అంటే జిరాక్స్ కాదు. ఆర్టిస్టు లోహపు రేకు మీదో రాతి మీదో చెక్క మీదో గీసి, చెక్కి, ఒక్కోటిగా అచ్చు తీసినది. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి పారిస్ దాకా వెళ్లిన కృష్ణారెడ్డి ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగులు పట్టించి, ఒక్క అచ్చులో అన్నీ రప్పించే పద్ధతికి రూపం ఇచ్చినవాళ్లలో ఒకరు. మన లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లూ (లోహపు రేకును ఆమ్లంతో కొరికించి తీసే ప్రింట్లు) చూడండి. ప్రింట్ కింద పెన్సిల్‌తో 7/50 అని ఉంటే మొత్తం యాభైలో ఏడోది అని అర్థం. ఎన్ని తీశారో అడిగి, సంతకం చూసుకోండి.

కాగితాలు లేకుండా బొమ్మ తీసుకోకండి. ఇది నా అనుభవం. చాలా ఏళ్ల కిందట ఒక చోట ఇష్టపడి ఒక ఎచింగ్ కొన్నాను. "తర్వాత పంపిస్తాం" అన్న సర్టిఫికెట్ రానేలేదు, బిల్లు మీద 'ఫ్రేమ్డ్ ఆర్ట్' అని మాత్రమే ఉంది. తర్వాత ఆ చోటే మూతపడింది. ఇప్పుడు అది ఎవరిదో నాకు తెలుసు గానీ రుజువు లేదు. కాబట్టి ఆర్టిస్టు పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, మాధ్యమం, సైజు, ఎడిషన్ నంబరు (7/50 లాంటిది) బిల్లు మీదే రాయించుకోండి. సర్టిఫికెట్ మీద సంతకం ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి.

బొమ్మ మీదైనా దాని కాపీరైట్ మీది కాదు. మామూలుగా అది ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది. ఇంట్లో పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దాన్ని ఫోటో తీసి క్యాలెండరో టీషర్టో అచ్చువేయాలంటే అనుమతి కావాలి. అమెరికా నుంచి వచ్చి కొని తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: వందేళ్లు దాటిన బొమ్మలను, రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్‌లతో కలిపి తొమ్మిదిమంది కళాకారుల పనిని దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు.

పెట్టుబడి కోసం మాత్రం కొనకండి. పేపర్లో వచ్చే కోట్ల వార్తలు వేళ్ల మీద లెక్కపెట్టగల పేర్లవి. మిగతా బొమ్మలు తిరిగి అమ్మడం చాలా కష్టం. బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ లెక్క మనసులో తిరుగుతున్నంతసేపూ పర్సు తీయకండి. రోజూ చూసినా విసుగు రాదనిపిస్తేనే, ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేదంటేనే కొనండి.

ఇంటికొచ్చాక నేరుగా ఎండ పడే గోడకు, వంటింటి గోడకు, వానాకాలం చెమ్మ దిగే గోడకు తగిలించకండి. కాగితం పనైతే గాజు ఆనకుండా మధ్యలో ఆమ్లం లేని మౌంట్ (అట్ట చట్రం) పెట్టమని ఫ్రేము కట్టేవాళ్లకు చెప్పండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో రాసి, ఒక కవరులో పెట్టి వెనక అట్ట మీద అంటించండి. బొమ్మ ఏ ఊళ్లో, ఎవరింట్లో ఉందో ఆర్టిస్టుకో గ్యాలరీకో ఒక మెసేజ్ పెట్టండి. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ ఆర్టిస్టు మొత్తం పనిని ఒకచోట చూపించాలనుకుంటే, ఓస్లో ఆసుపత్రి గోడ మీదిలా మీ ఇంట్లోది ఎవరికీ తెలియకుండా ఉండిపోకూడదు. ఫోన్ నంబరు మారినప్పుడు అదీ చెప్పండి.